అటక మీది బుట్ట దిగిందా... పిల్లి మాయం!

పిల్లిని పెంచడం పెద్ద కష్టమేం కాదు. దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడమే కష్టం. బుట్ట కనిపించగానే మంచం కిందికి దూరే పిల్లి మీ ఇంట్లోనూ ఉందా? అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే.

ముందు మా పండు సంగతి చెప్పాలి.

పండు మా ఇంటి గండుపిల్లి. వయసు నాలుగేళ్లు. నారింజ రంగు ఒళ్లు, తెల్లటి పొట్ట. చిన్నప్పుడు మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద వానకు తడిసి అరుస్తుంటే అత్తయ్యగారు కొంగులో పెట్టుకుని పైకి తెచ్చారు. అప్పట్నుంచి ఇల్లు వాడిదే, మేం అద్దెకుంటున్నాం.

పోయిన వేసవిలో ఒక రాత్రి వాడు పదే పదే ఇసుక ట్రేలోకి వెళ్లడం చూశాను. కూర్చుంటాడు, ముక్కుతాడు, సన్నగా అరుస్తాడు, లేచొస్తాడు. ఐదు నిమిషాలకు మళ్లీ అదే. "మలబద్ధకం అయ్యుంటుందిలే, పొద్దున చూద్దాం" అన్నారు మావారు. నిజం చెప్పాలంటే నాకూ అదే కావాలి. ఆ రాత్రిపూట వాణ్ని బుట్టలో పెట్టే యుద్ధం తలచుకుంటేనే ఒళ్లు నీరసపడింది. పొద్దునకు వాయిదా వేశాం.

పొద్దున 8 గంటలకు మావారు స్టూలెక్కి అటక మీంచి బుట్ట దించారు. ఆ చప్పుడు వినపడిందో లేదో, పండు మాయం. దివాన్ కింద మూలకంటా దూరాడు. చీపురుతో అదిలిస్తే ఫ్రిజ్ వెనక్కి, అక్కణ్ణుంచి వంటగట్టు మీదికి. పోపుల డబ్బా కిందపడి ఆవాలు ఇల్లంతా చిమ్ముకుపోయాయి. చివరికి దుప్పటి వేసి పట్టుకున్నాం. తీరా బుట్ట దగ్గరికొచ్చేసరికి నాలుగు కాళ్లూ నాలుగు వైపులా చాపి అంచులకు ఆనించేశాడు. నేను ఒక కాలు లోపల పెడితే ఇంకోటి బయటికి. నా బొటనవేలు కండ పట్టి కొరికాడు. మొత్తమ్మీద తలుపు వేసేసరికి 11 అయింది.

డాక్టరుగారు పొట్ట తడిమి చూసి తలెత్తారు. "మలబద్ధకం కాదమ్మా. మూత్రం పూర్తిగా ఆగిపోయింది. రాత్రే తీసుకురావాల్సింది" అన్నారు.

మగపిల్లుల్లో మూత్రం బయటికొచ్చే నాళం చాలా సన్నగా ఉంటుంది. ఇసుకలాంటి పొడో, జిగురుముద్దో అడ్డుపడితే చుక్క కూడా రాదు. మూత్రాశయం రాయిలా గట్టిపడుతుంది, విషాలు రక్తంలోకి చేరతాయి, పొటాషియం పెరిగిపోయి గుండె లయ తప్పుతుంది. ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. చాలామంది మాలాగే దాన్ని మలబద్ధకం అనుకుని ఊరుకుంటారట. మగపిల్లి పదే పదే ట్రేలోకి వెళ్తూ మూత్రం పోయలేకపోతుంటే అది అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకూడదు.

పండు బతికాడు. గొట్టం వేసి మూత్రం తీశారు, సెలైన్ పెట్టారు, మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ రాసిచ్చి, బుట్ట వైపు చూపించి ఒక మాటన్నారు డాక్టరుగారు: "ఇంటికెళ్లాక దీన్ని మళ్లీ అటకెక్కించకండమ్మా. మీ అసలు సమస్య అదే."

అప్పుడర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది.

రామకృష్ణుడి పిల్లి కథే ఇది

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియనివాళ్లు మనలో ఎవరున్నారు? రాయలవారు ఎలుకల బెడద పోవాలని ఇంటింటికీ ఒక పిల్లినిచ్చి, దాని పాలకోసం ఆవునూ ఇచ్చారు. రామకృష్ణుడు మొదటిరోజే మరగ కాగిన పాలు పిల్లి ముందు పెట్టాడు. పాపం, మూతి పెట్టగానే చుర్రుమంది. అంతే, ఆ తర్వాత పాలగిన్నె చూస్తే చాలు, పిల్లి ఆమడ దూరం పరుగు. పాలన్నీ రామకృష్ణుడి ఇంటిల్లిపాదికీ.

మనం నవ్వుకుని వదిలేసిన ఆ కథలో పిల్లి స్వభావం గురించి పెద్ద నిజం ఉంది. ఒక్కసారి చేదు అనుభవమైతే పిల్లి దాన్ని మర్చిపోదు. ఆ వస్తువు కనిపించినా, దాని వాసన తగిలినా, దాన్ని దించే చప్పుడు వినపడినా చాలు, పాత భయం లేచి కూర్చుంటుంది.

ఇప్పుడు మన ఇంటి బుట్ట సంగతి చూడండి. ఏడాదంతా అటక మీద ఉంటుంది. దిగిన ప్రతిసారీ ఏమవుతుంది? వెంటపడి పట్టుకుంటారు, ఇరుకులోకి తోస్తారు, ఆటోలో హారన్ల మధ్య కుదిపేస్తారు, కుక్కలు మొరిగే చోట కూర్చోబెడతారు, చివర్లో సూది గుచ్చుతారు. పిల్లి లెక్కలో బుట్టకున్న అర్థం అదొక్కటే. రామకృష్ణుడు కావాలని ఒక్కసారి పెట్టిన వేడి పాలగిన్నెను, మనం తెలియకుండా ఏడాదికోసారి పెడుతున్నాం.

పొగరు కాదు, భయం

"మా పిల్లికి మహా పొగరండీ, డాక్టరు దగ్గరికంటే చంపేస్తుంది" అంటుంటారు చాలామంది. పొగరు కాదది. గదిలో పెట్టి కొడితే పిల్లయినా తిరగబడుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పిల్లి ఎలుకకు వేటగాడే, కానీ కుక్కలాంటి పెద్ద జంతువుకు అదే వేట. అందుకే తప్పించుకునే దారి మూసుకుపోయిందంటే దానికి ప్రాణభయమే. మొదట పారిపోవాలని చూస్తుంది, కుదరకపోతే దాక్కుంటుంది, అదీ కుదరనప్పుడే పళ్లూ గోళ్లూ బయటికొస్తాయి.

ఇంకో సంగతి. జబ్బు చేస్తే పిల్లి బయటపడనివ్వదు. తిండి కాస్త తగ్గడం, మూలన కూర్చోవడం, ఒళ్లు నాక్కోవడం మానేయడం... ఇంతే తెలుస్తుంది. మనకు అనుమానం వచ్చేసరికే జబ్బు ముదిరి ఉంటుంది. దానికి తోడు "బుట్టలో పెట్టలేంలే, రేపు చూద్దాం" అని మనం వేసే వాయిదా ఒకటి.

ఏ బుట్ట మంచిది?

క్యారియర్ అంటే మనకు గుర్తొచ్చేది అన్నం క్యారియరే. పెట్ షాపుల్లో మాత్రం పిల్లి బుట్టను అలాగే పిలుస్తారు. కొనేటప్పుడు రంగు, బొమ్మలు కాదు చూడాల్సింది. గట్టి ప్లాస్టిక్‌ది, ముందు తలుపుతోపాటు పైనా తెరుచుకునేది, పై సగం విడదీయడానికి వీలున్నది అయితే మేలు. ఎందుకంటే ఆసుపత్రిలో పిల్లిని లాగాల్సిన పనుండదు. పై మూత తీసేస్తే కింది సగంలో కూర్చునే పరీక్ష చేయించుకుంటుంది. లోపల నిలబడి, వెనక్కి తిరిగేంత చోటుంటే చాలు. మరీ పెద్దదైతే కుదుపులకు అటూ ఇటూ జారిపోతుంది.

గోనె సంచిలో మూతి కట్టి తీసుకెళ్లడం వద్దు. అట్టపెట్టె నమ్మకండి, మూత్రం పోసిందంటే అడుగు ఊడిపోతుంది. రెండు పిల్లులుంటే రెండు బుట్టలు. ఇంట్లో ఎంత స్నేహంగా ఉన్నా, భయంలో ఒకదాన్నొకటి రక్కుకోవచ్చు.

ఆరు వారాల బడి

బుట్ట అలవాటు చేయడం అంటే పిల్లిని బుట్టలో పెట్టడం కాదు. అదంతట అదే వెళ్లేలా చేయడం. తేడా అంతా అక్కడే ఉంది. పండుకు మేం చేసింది ఇదీ.

మొదటి వారం ఏమీ చెయ్యలేదు. బుట్టను సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టి, తలుపు ఊడదీసి, హాల్లో వాడు పడుకునే కిటికీ పక్కన పెట్టేశాం. లోపల నా పాత నూలు చీర ముక్క పరిచాను. పిల్లికి వాసనే భరోసా. కొత్త తువ్వాలు కన్నా మనం వాడిన పాత గుడ్డే దానికి ఇష్టం. మొదటి మూడు రోజులు పండు గోడవార నుంచి తిరిగి వెళ్లాడు. మేం చూడనట్టే ఉన్నాం. నాలుగో రోజు వాసన చూశాడు.

ఆ తర్వాత తిండి. ఉప్పు, ఉల్లిపాయ, మసాలా ఏవీ లేకుండా ఉడికించిన చికెన్ సన్నగా పీల్చి బుట్ట దగ్గర పెట్టేదాన్ని. ఉల్లి పిల్లికి విషం, ఆ సంగతి గుర్తుంచుకోండి. పాలు కూడా వద్దు, చాలా పెద్ద పిల్లులకు అరగవు. గిన్నె మొదట బుట్టకు అడుగు దూరంలో ఉండేది, తర్వాత గుమ్మంలోకి, తర్వాత లోపలికి, చివరికి వెనక గోడ దాకా వెళ్లింది. ఒక్కో మెట్టుకు రెండు మూడు రోజులు. వాడు వెనకాడితే మేమూ ఒక మెట్టు వెనక్కి.

లోపల నింపాదిగా తినడం మొదలెట్టాక తలుపు బిగించాం. వాడు తింటుండగా మూయడం, రెండు సెకన్లలో తీసేయడం. మర్నాడు ఐదు సెకన్లు. తర్వాత అర నిమిషం. ఇక్కడ ఒకటే నియమం: పిల్లి గాభరాపడక ముందే తలుపు తెరవాలి. ఒక్కసారి అరిచి గోల చేసేదాకా ఆగామా, మళ్లీ మొదటికే.

ఆ తర్వాత ఎత్తడం. పైన పిడి పట్టుకుంటే బుట్ట ఊగుతుంది, అందుకని అడుగున చెయ్యేసి గుండెకు ఆనించుకుని రెండడుగులు వేసి దించేవాళ్లం. దించగానే చికెన్ ముక్క. తర్వాత గుమ్మం దాకా, లిఫ్ట్ దాకా. మా వీధి చివరి ఆటో అతను కూడా ఒకరోజు సాయం చేశాడు. కదలని ఆటోలో ఐదు నిమిషాలు కూర్చున్నాం. "ఎక్కడికి పోవాలమ్మా?" అన్నాడు. "ఎక్కడికీ కాదు బాబూ" అన్నాను. ముందు విచిత్రంగా చూశాడు, విషయం చెప్తే నవ్వి, డబ్బులొద్దన్నాడు. మర్నాడు కాలనీ చుట్టూ ఒక్క చుట్టు.

రోజుకు ఐదు నిమిషాలకు మించి ఏనాడూ పట్టలేదు. ఈ పద్ధతికి ఆధారమూ ఉంది. వియన్నాలోని పశువైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు 22 పిల్లుల మీద చేసిన అధ్యయనం 2018లో అచ్చయింది. సగం పిల్లులకు 6 వారాల్లో 28 సార్లు ఇలా మెట్టు మెట్టుగా బుట్ట అలవాటు చేశారు. మిగతా సగానికి చేయలేదు. అలవాటైన పిల్లులు కారు ప్రయాణంలో తక్కువ భయపడ్డాయి, వాటికి పరీక్ష చేయడమూ త్వరగా పూర్తయింది.

ఇవాళే వెళ్లాల్సి వస్తే?

ఆరు వారాలు ఆగే వీలుండని రోజు ఎవరికైనా వస్తుంది. అప్పుడేం చెయ్యాలో కూడా డాక్టరుగారినే అడిగి తెలుసుకున్నాను.

పిల్లిని కదిలించక ముందే మనం సిద్ధం కావాలి. టీవీ ఆపండి, పిల్లల్ని పక్కింటికి పంపండి, పడగ్గది తలుపులు మూసేయండి. దూరడానికి మంచాలు, బీరువాలు లేని చిన్న గదిలోకి, అంటే బాత్రూమ్ లాంటిదానిలోకి, బుట్టను ముందే చేర్చండి. తర్వాత పిల్లిని ఎత్తుకుని మామూలుగా మాట్లాడుతూ లోపలికి వెళ్లి తలుపు వేసుకోండి. ఒక్కరే వెళ్లండి. నలుగురు చుట్టుముడితే వేటాడుతున్నారనే అనుకుంటుంది.

బుట్ట పై సగం ఊడొచ్చేదైతే ఊడదీసి, పిల్లిని కింది సగంలో కూర్చోబెట్టి, తువ్వాలు కప్పి, ఆ తువ్వాలు మీదుగానే మూత బిగించండి. ముందు తలుపు ఒక్కటే ఉంటే బుట్టను గోడకు ఆనించి, తలుపు పైకి ఉండేలా నిలబెట్టండి. పిల్లిని తల వైపు నుంచి తోస్తే ఎదురుతిరుగుతుంది. వెనక కాళ్లు ముందు దిగేలా నెమ్మదిగా దించండి. అప్పటికీ పెనుగులాడితే మందపాటి తువ్వాలులో, పసిబిడ్డను పొత్తిళ్లలో చుట్టినట్టు, మెడ దాకా చుట్టి, తువ్వాలుతో సహా లోపల పెట్టండి. బుట్టే లేకపోతే ఆఖరి దారిగా నూలు దిండు గలీబు పనికొస్తుంది. గాలి ఆడుతుంది కాబట్టి కొద్దిసేపటికి ఫర్వాలేదు. నోరు తెరిచి రొప్పుతున్న పిల్లిని మాత్రం చుట్టకండి, పెనుగులాడకండి. దానికి ఊపిరి అందడం లేదని అర్థం. డాక్టరుకు ముందు ఫోన్ చేసి అడగండి.

మెడ మీద తోలు పట్టి ఎత్తడం చాలామందికి అలవాటు. తల్లి పిల్లి అలాగే మోస్తుంది కదా అంటారు. అది కళ్లు కూడా తెరవని పిల్లకూన సంగతి. పెద్ద పిల్లికి అది నొప్పి, భయం. అమెరికాలోని పిల్లుల వైద్యుల సంఘం, అంతర్జాతీయ పిల్లుల వైద్య సంస్థ కలిసి 2022లో ఇచ్చిన సూచనల్లోనూ అలా పట్టుకోవద్దనే ఉంది.

ఇక మీ సంగతి. పిల్లి కరిచినా, గోరు గీరుకుని రక్తం వచ్చినా "మన పిల్లే కదా" అని పసుపు అద్దుకుని ఊరుకోకండి. సబ్బుతో, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు మన డాక్టరు దగ్గరికి వెళ్లండి. రేబిస్ టీకా అవసరమో కాదో ఆయన చెబుతారు. పిల్లి పన్ను సన్నగా లోతుకు దిగుతుంది, పైకి చిన్న చుక్కే కనిపించినా లోపల చీము పట్టొచ్చు. నా బొటనవేలికి అదే జరిగింది.

దారిలో... ఆసుపత్రిలో

బుట్ట మీద పల్చటి తువ్వాలు కప్పండి. కనిపించకపోతే సగం భయం తగ్గుతుంది. ఎండాకాలం మాత్రం గాలి వచ్చేలా ఒక పక్క వదిలేయండి, పొద్దున్నే వెళ్లండి. నిలిపిన కారులో పిల్లిని వదిలి మందుల షాపుకు వెళ్లడం ఐదు నిమిషాలకైనా ప్రమాదమే. కారులో అయితే ముందు సీటు వెనక కింద, కదలకుండా పెట్టండి. ఆటోలో ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకోండి. బైక్ మీద ఒంటిచేత్తో వేలాడేసుకుని మాత్రం వద్దు.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి ఆపితే దారిలో వాంతులు తగ్గుతాయి. పిల్లి పిల్లలకు, షుగరున్న పిల్లులకు ఇది వర్తించదు, ముందే అడిగి తెలుసుకోండి. ఆసుపత్రిలో బుట్టను నేల మీద పెట్టకండి. కుక్క వచ్చి మూతి పెట్టిందంటే మీ ఆరు వారాల కష్టం గంగపాలు. కుర్చీ మీదో, ఒళ్లోనో ఎత్తుగా ఉంచండి. రద్దీగా ఉంటే బయటే ఉండి, వంతు వచ్చినప్పుడు పిలవమనండి.

ఇంకో మాట. ఇంట్లో రెండో పిల్లి ఉంటే, తిరిగొచ్చినదాన్ని చూసి అది బుసకొట్టవచ్చు. ఆసుపత్రి వాసన వల్ల గుర్తుపట్టదు. కొన్ని గంటలు వేరే గదిలో ఉంచి, ఒళ్లు నాక్కుని ఇంటి వాసన తెచ్చుకున్నాక కలపండి.

మందులున్నాయా అంటే, ఉన్నాయి. పిల్లులు బుగ్గలు రుద్దినప్పుడు వదిలే వాసనను పోలిన స్ప్రేలు దొరుకుతాయి. బయల్దేరడానికి 15 నిమిషాల ముందు బుట్టలో కొట్టి, ఆరనిచ్చాకే పిల్లిని పెట్టాలి. అన్ని పిల్లులకూ ఒకేలా పనిచేయదు. బాగా బెదిరే పిల్లికి ఇంటిదగ్గరే వేసి తీసుకురమ్మని గాబాపెంటిన్ లాంటి మాత్ర రాసిస్తారు పశువైద్యులు. మోతాదు బరువును బట్టి, కిడ్నీల పరిస్థితిని బట్టి ఉంటుంది. మీ అంతట మీరు వేయొద్దు. మనుషుల మందుల డబ్బాలోంచి అసలే వద్దు. జ్వరమొచ్చిందని వేసే ఒక్క పారాసెటమాల్ బిళ్ల పిల్లి ప్రాణం తీస్తుంది.

మళ్లీ ఆ రోజు వచ్చింది

మూడు నెలల తర్వాత పండుకు టీకా వేయించాల్సిన రోజు. పొద్దున 9 గంటలు. మామూలుగానే చీర ముక్క మీద చికెన్ ముక్క వేశాను. వాడు వెళ్లాడు. తలుపు మూశాను. ఎంతసేపు పట్టిందో తెలుసా? నిమిషం కూడా కాదు. అత్తయ్యగారు పూజగది లోంచి వచ్చి "ఏడీ వాడు?" అనడిగితే బుట్ట చూపించాను. నమ్మలేదావిడ, వంగి చూశారు.

దారంతా బుద్ధిగా ఉన్నాడని చెప్తే అబద్ధం. బెంజ్ సర్కిల్ దగ్గర లారీ హారన్‌కు గట్టిగానే అరిచాడు. ఆసుపత్రిలో చీర ముక్కలో తల దూర్చేశాడు. డాక్టరుగారు మూత తీసి, వాణ్ని అలాగే ఉండనిచ్చి, వెనకనుంచి టీకా వేసేశారు. పొట్ట కూడా తడిమి చూశారు. "బాగుంది. బుట్ట ఎక్కడ పెడుతున్నారు?" అన్నారు. "హాల్లో" అన్నాను.

వాడి జబ్బు తిరగబెట్టే రకం. మళ్లీ ఏ అర్ధరాత్రో ట్రే దగ్గర ఆ సన్నటి అరుపు వినపడొచ్చు. కానీ ఈసారి మూడు గంటలు వాడి వెంట పరిగెత్తం. రేపటికి వాయిదా వేయాలనే ఆలోచనా రాదు. ఇది రాస్తున్నప్పుడు కూడా పండు ఆ బుట్టలోనే పడుకున్నాడు, తోక బయటికేసుకుని.

మీ బుట్ట ఎక్కడుంది? అటక మీదైతే ఇవాళే దించండి. మీ పిల్లికి ఏ జబ్బూ లేని ఇవాళే.